అరవై మోకాళ్ళు

వదిన లాప్‌టాప్‌లో 0.003 కనపడిన సాయంత్రం చిట్టి అన్నం తినలేదు. తలనొప్పి అని చెప్పింది. తలకేమీ కాలేదు, మండుతున్నదంతా కడుపులోనే. తన లాప్‌టాప్‌లో వచ్చింది 0.07.

అంకెలు చూసి అన్నం మానేసే మనుషులు కూడా ఉంటారా అని అడక్కండి. ఫిజియోథెరపీ పీజీ ఆఖరి సంవత్సరంలో బోలెడుమంది ఉంటారు. అక్కడ ప్రతి ఒక్కరూ ఒక చిన్న పరిశోధన చెయ్యాలి. నొప్పులున్నవాళ్ళని వెతికి పట్టుకుని, రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి కొత్త వైద్యం, రెండో గుంపుకి మామూలు వైద్యం ఇచ్చి, చివర్లో ఎవరికెంత తగ్గిందో చూడాలి. తేడా కనపడితే చాలదు. వైద్యంలో పస లేకపోయినా వట్టి కాకతాళీయంగా అంత తేడా కనపడే అవకాశం ఎంతో కూడా లెక్కకట్టి చెప్పాలి. ఆ అంకెని పి విలువ అంటారు. అది 0.05 కన్నా కిందికి దిగితే పిల్లలు మిఠాయిలు పంచుతారు, పైన ఆగిపోతే మంచం ఎక్కుతారు. ఒక్క అంకె పట్టుకుని అలా ఊగిపోకండర్రా అని పెద్దవాళ్ళు చెబుతూనే ఉంటారు, వీళ్ళు ఊగుతూనే ఉంటారు.

పరాయి పిల్ల ఎవరికైనా 0.003 వచ్చి ఉంటే చిట్టి కాస్త మూతి తిప్పి ఊరుకునేది. వచ్చింది వదినకి, అంటే సొంత అన్న భార్యకి. ఆవిడ పెళ్ళికి ముందు కొన్నేళ్ళు ఒక క్లినిక్‌లో పనిచేసింది. పెళ్ళయ్యాక మళ్ళీ చదువుకోవాలని బుద్ధిపుట్టి, చిట్టి రాసిన ఎంట్రన్సే రాసి, చిట్టికి సీటొచ్చిన కాలేజీలోనే సీటు తెచ్చుకుంది. క్లాసు ఒకటే, గైడ్ మేడమ్ ఒకరే, ఎక్కే బస్సు ఒకటే, చేరే ఇల్లూ ఒకటే. ఇంతమటుకు ఎలాగో సర్దుకోవచ్చు. అసలు చిక్కు అమ్మతో వచ్చింది.

అమ్మ కోడల్ని నెత్తిన పెట్టుకుంది. అత్తాకోడళ్ళు కీచులాడుకుంటుంటే మధ్యలో ఆడపడుచు పుల్లలు పెట్టడం లోకం ఎరిగిన సంగతి. ఇక్కడ వాళ్ళిద్దరూ కిచకిచమని నవ్వుకుంటుంటే ఆడపడుచు వంటింటి గుమ్మంలో నిలబడి చూడాల్సి వచ్చింది. అమ్మకి కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేచేది కాదు. గోడ మీద వేళ్ళు పాకించే వ్యాయామం చెయ్యమని చిట్టి రెండేళ్ళు మొత్తుకుంది. అమ్మ "సరేలే" అనేది, చేసేది కాదు. వదిన ఇంట్లో అడుగుపెట్టిన నెలలోనే అదే గోడ దగ్గర నిలబెట్టి అదే వ్యాయామం చెప్పింది. అమ్మ బుద్ధిగా చేసింది, భుజం కదిలింది. "నా కోడలు చేతి చలవ" అని వచ్చినవాళ్ళందరికీ చెయ్యెత్తి మరీ చూపించేది. అలా ఆ చెయ్యి పైకి లేచినప్పుడల్లా చిట్టికి ఒళ్ళు మండేది.

ఒక్క స్టాటిస్టిక్స్ దగ్గర మాత్రం చిట్టిని మించినవాళ్ళు లేరు. ఏ పరిశోధనకి ఏ టెస్టు వాడాలో బ్యాచ్ మొత్తం ఆమెనే అడిగేది. వదినకి స్టాటిస్టిక్స్ అంటే వణుకు. ఆ వణుకే చిట్టికి ఇన్నాళ్ళూ ఉన్న ఒక్క ఊరట.

ఇప్పుడా ఊరటకీ ఎసరొచ్చింది. గైడ్ మేడమ్ కొత్తగా ఒక పెద్ద అధ్యయనం మొదలుపెడుతోంది. అందులో లెక్కలన్నీ చూడటానికి ఒక రీసెర్చ్ అసిస్టెంట్ కావాలి. ఆవిడ గదిలో కిటికీ పక్కన ఒక బల్లా కుర్చీ అప్పుడే వేయించి పెట్టింది కూడా. ఈ ఏడాది వైవా ఎవరు బాగా చెబితే వాళ్ళదే ఆ కుర్చీ అంది. మిగతా పిల్లలు క్లినిక్కులు పెట్టుకునే హడావుడిలో ఉన్నారు కాబట్టి అడిగింది ఇద్దరే, చిట్టీ, అక్కడ లెక్కలు నేర్చుకుంటే భయమైనా పోతుందని వదినా. చిట్టికి ఆ కుర్చీ మీద ప్రాణం. నడుములు నొక్కే పని ఆమె ఎన్నడూ ఇష్టపడి చెయ్యలేదు. రాత్రీ పగలూ అంకెలు ముందేసుకుని కూర్చోమంటే మాత్రం పండగే. అలాంటి ఉద్యోగం మళ్ళీ దొరకదు. అది కూడా వదినకే పోతే, ఇంట్లో చెయ్యెత్తి చూపించడానికి అమ్మకి ఇంకొకటి దొరికినట్టే.

అందుకే ఆ 0.07 గొంతులో ముల్లులా అడ్డం పడింది.

చిట్టి పరిశోధన కుట్టుమిషన్ల మీద పనిచేసేవాళ్ళ మెడనొప్పి గురించి. గంటకోసారి లేచి మెడ తిప్పే గుంపుకీ, మామూలుగా కుట్టుకుంటూపోయే గుంపుకీ నొప్పిలో తేడా చూసింది. తేడా ఉంది కానీ, పి విలువ 0.05 గీతకి పైనే ఆగింది. మర్నాడు సెలవు. పొద్దున్నే గది తలుపు వేసుకుని ఆ అంకెని కిందికి లాగే పని మొదలుపెట్టింది. టెస్టు మార్చి చూస్తే 0.09 అయింది, ఇంకా పైకి పోయింది. నొప్పి అస్సలు తగ్గని ఇద్దరు దర్జీలని మొండి మనుషులని పక్కకి తోసేసి చూస్తే 0.04 వచ్చింది. కానీ ఆ ఇద్దరూ ఏమయ్యారని ఎవరైనా అడుగుతారు. ఆ ఇద్దర్నీ మళ్ళీ లోపల పెట్టి, టెస్టుని ఒకవైపు నుంచే చూసేలా మార్చింది. అంటే, మెడ తిప్పడం వల్ల నొప్పి పెరిగే అవకాశం లేనే లేదని ముందే ఒట్టు పెట్టుకుని తగ్గడం ఒక్కటే లెక్కేసుకోవడం. అప్పుడు 0.07 సగానికి సగం పడిపోయి 0.035 అయింది. దర్జీలకి ఏ అన్యాయమూ జరగలేదు. చూడటానికి ఎంత శుభ్రంగా ఉందో!

సరిగ్గా అప్పుడే వదిన రెండు కప్పుల టీ పట్టుకుని, మోచేత్తో తలుపు తోసుకుని వచ్చింది.

"తగ్గిందా తలనొప్పి? అయ్యో, మళ్ళీ దీని ముందే కూర్చున్నావా?"

"పని ఉండదా మరి," అంది చిట్టి.

వదిన టీ బల్ల మీద పెట్టి స్క్రీన్ వైపు తొంగి చూసింది. "అదేంటి, నిన్న 0.07 అన్నావుగా. ఇప్పుడు ఇంత తగ్గింది?"

"టెస్ట్ మార్చాను. ఒకవైపు టెస్ట్ ఇది. ఇలా కూడా చెయ్యచ్చు."

"అలాగా. నాకు తెలీదులే," అంది వదిన. చిట్టి మంచం చివర కూర్చుని టీ ఊదుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు, "పని మొదలుపెట్టకముందు కమిటీకి రాసిచ్చాం కదా, అందులో ఏ టెస్ట్ చేస్తామని రాశావు?" అని అడిగింది.

అందులో ఏ ఎత్తిపొడుపూ లేదు. తెలియని మనిషి తెలుసుకుందామని అడిగింది. చిట్టికి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. రాసిచ్చింది రెండువైపుల టెస్టని ఆమెకి బాగా తెలుసు. ఫలితం చూశాక టెస్టు మార్చుకోవడం, జవాబులు చూశాక ప్రశ్న దిద్దుకోవడం ఒకటేనని క్లాసులో జూనియర్లకి చెప్పింది కూడా ఆమే.

"చూస్తున్నానంతే. ఉంచుతానన్నానా?" అని కసిరింది. వదిన వెళ్ళిపోయాక పళ్ళు నూరుకుంటూ 0.035 చెరిపేసి 0.07 రాసుకుంది. వదిన చూసింది కాబట్టి రాసుకుంది. చూడకపోతే ఏం చేసేదో ఆమెనే అడగాలి, అడిగినా చెప్పదు.

తర్వాత వారంలో డిపార్ట్‌మెంటులో లెక్కల సారు సెలవు మీద వెళ్ళాడు. మామూలుగా అందరి ఫలితాల అధ్యాయాలూ ఆయనే చూసి పంపిస్తాడు. గైడ్ మేడమ్ చేతినిండా పనితో, "ఈసారికి మీలో మీరే ఒకరివి ఒకరు చూసుకోండర్రా" అని చేతులు దులుపుకుంది. వదిన ఇంకెవరి దగ్గరికి పోతుంది? ఇంట్లోనే నిపుణురాలు ఉండగా!

హాల్లో సోఫా మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. చిట్టి వదిన లాప్‌టాప్‌ని తన ఒళ్ళో పెట్టుకుంది. రెండు మోకాళ్ళూ అరిగి నొప్పి పడుతున్న ముప్ఫైమంది మీద ఆవిడ పరిశోధన. పదిహేనుమందికి కాపడంతోపాటు వ్యాయామం, పదిహేనుమందికి కాపడం ఒక్కటే. చిట్టి పట్టికలు ఒక్కొక్కటే పైకి జరుపుతూ వచ్చింది. రాతలో తప్పుల్లేవు. సగటులు ఉన్నాయి, కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో ఉంది, టెస్టు పేరు ఉంది. ఈవిడకి ఇంత శుభ్రంగా రాయడం ఎప్పుడు వచ్చిందా అని మళ్ళీ లోపల రాజుకుంది.

అప్పుడు కనపడింది 58.

టెస్టు పేరు పక్కన చిన్న అక్షరాల్లో వేసే అంకె అది. రెండు గుంపుల్లో ఉన్న మొత్తం మందిలోంచి రెండు తీసేస్తే వస్తుంది. ముప్ఫైమందికి అది ఇరవై ఎనిమిది ఉండాలి. యాభై ఎనిమిది ఎక్కణ్ణుంచి వచ్చింది? చిట్టి డేటా తెరిచింది. అరవై వరసలున్నాయి. మనిషికో వరస కాకుండా వదిన మోకాలికో వరస వేసింది.

కొలిచిన మనిషికి అది తప్పుగా తోచదు. రోగి వస్తాడు, కుడి మోకాలు ఎంత నొప్పి అని అడుగుతాం, రాస్తాం, ఎడమది ఎంత అని అడుగుతాం, మళ్ళీ రాస్తాం. చేత్తో పనిచేసే ఫిజియోకి మోకాలు మోకాలే. లెక్కకి అలా కుదరదు. ఒకే మనిషి రెండు మోకాళ్ళూ ఒకే ఒంటివి, ఒకే బరువు మోస్తాయి, ఒకే నోటితో నొప్పి చెప్పుకుంటాయి. వాటిని ఇద్దరు మనుషులనుకోవడం, ఒకే సాక్షిని బోనులోకి రెండుసార్లు పిలిచి ఇద్దరు సాక్షులున్నారనడం లాంటిది. అందుకే 0.003 అంత గొప్పగా వచ్చింది. ఆ గొప్పలో సగం దొంగ సాక్ష్యమే.

సరిచెయ్యడం కూడా పెద్ద పనేమీ కాదు. మనిషికి రెండు మోకాళ్ళకీ సగటు తీసి, అరవై వరసల్ని ముప్ఫై చేసి, టెస్టు మళ్ళీ నడిపితే అయిపోతుంది. టీ చల్లారేలోపు చెయ్యొచ్చు. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు.

"ఎలా ఉంది చిట్టీ?" అంది వదిన. "ఏదైనా ఉంటే మొహమాటపడకు. నాకు ఇందులో ఏమీ రాదని నీకు తెలుసుగా. నువ్వు సరే అంటేనే ప్రింటుకి ఇస్తాను."

చిట్టి లాప్‌టాప్ మూత నెమ్మదిగా దించింది.

"బాగానే ఉంది వదినా. ఇచ్చెయ్."

ఆ సాయంత్రం చిట్టి కడుపునిండా తిన్నది. మర్నాటి నుంచి ఆమె పద్ధతే మారిపోయింది. వదినకి బస్సులో కిటికీ సీటు వదిలింది. వదిన జడ క్లిప్పు కనపడకపోతే ఇల్లంతా వెతికిపెట్టింది. అమ్మ మురిసిపోయి, "ఇద్దరూ ఒక్కతల్లి పిల్లల్లా ఉన్నారే! నా దిష్టే తగిలేట్టుంది" అంది. అన్న ఒక్కడే అనుమానంగా చూశాడు కానీ, ఆ ఇంట్లో ఆడవాళ్ళ నవ్వుల వెనక ఏముందో తవ్వే అలవాటు అతను పెళ్ళైన కొత్తలోనే మానుకున్నాడు. చిట్టి మనసులో ఉన్నది ఒకే దృశ్యం. వైవా చెయ్యడానికి బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ వస్తాడు, 58 చూస్తాడు, వదిన నీళ్ళు నములుతుంది. తను వెనక వరసలో కూర్చుని చూస్తుంది. చాలు, అంతకన్నా ఏమీ కోరలేదు పాపం.

వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్‌ని పిల్లలు ఎర్రపెన్ను సార్ అనేవాళ్ళు. ఆయన చేతిలో పడ్డ థీసిస్ పెళ్ళికూతురి పాదాల్లా ఎర్రబారి తిరిగొస్తుందని పేరు. సన్నగా, పొడుగ్గా, ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ తల వంచుకుని కాగితాలు తిప్పుతూ ఉంటాడు. వినడం లేదేమో అనుకుంటాం. అదే పొరపాటు.

చిట్టి వంతు ముందొచ్చింది. ఆ డిపార్ట్‌మెంటులో ఒక అలవాటు ఉంది. కృతజ్ఞతలు చివర కాదు, మొదటే చెప్పాలి. చివర చెబితే అప్పటికే అందరూ కుర్చీల్లోంచి లేస్తుంటారని గైడ్ మేడమ్ పెట్టిన పద్ధతి. చిట్టి అమ్మకి చెప్పింది, మేడమ్‌కి చెప్పింది, దర్జీలకి చెప్పింది, థీసిస్ బైండింగ్ చేసిన షాపాయనకి కూడా చెప్పింది. వదిన పేరు ఎత్తలేదు. ఆ తర్వాత ఫలితాలు చదివింది.

"నొప్పిలో తేడా 1.1 పాయింట్లు సార్. 95 శాతం విశ్వాస అవధి మైనస్ 0.1 నుంచి 2.3 దాకా ఉంది, అంటే అసలు తేడా ఆ మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు, సున్నా కూడా కావచ్చు. పి విలువ 0.07. కాబట్టి లేచి మెడ తిప్పడం పనిచేస్తుందని ఈ స్టడీ రుజువు చెయ్యలేదు. అలాగని పనిచెయ్యదనీ చెప్పలేం. ఇంకా ఎక్కువమందితో చూడాలి."

ఎర్రపెన్ను తలెత్తాడు. "వేరే టెస్టులేవీ చేసి చూడలేదా? కొంచెం కిందికి దిగేదేమో."

"చూశాను సార్. దిగింది కూడా. కానీ ముందు రాసిచ్చిన టెస్ట్ ఇదే కాబట్టి ఇదే పెట్టాను."

ఆయన నవ్వాడు. ఆయన నవ్వగలడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. "ఈమధ్య ఇలా రాసేవాళ్ళని చూడలేదమ్మా. ఏ అంకె వచ్చిందో అదే పెట్టావు, దాని అర్థం ఎంతో అంతే చెప్పావు. చాలా బాగుంది." గైడ్ మేడమ్ ముఖం వెలిగిపోయింది. చిట్టి గాల్లో తేలుతూ వచ్చి వెనక వరసలో కూర్చుంది. కుర్చీ తనదైపోయింది. ఇక వదిన మునగకపోయినా ఫరవాలేదనిపించింది, మునిగితే మాత్రం చూసి తీరాలనిపించింది.

వదిన లేచింది.  మొదటి స్లైడు వేసి, అత్తయ్యకీ భర్తకీ మేడమ్‌కీ కృతజ్ఞతలు చెప్పి ఆగింది.

"ఇంకొకరికి చెప్పాలి సార్. ఇందాక మాట్లాడింది, మా ఆడపడుచు. నాకు స్టాటిస్టిక్స్ అంటే చచ్చేంత భయం. నా లెక్కలన్నీ తనే కూర్చుని చూసింది. తను సరే అన్నాకే నేను ప్రింట్ ఇచ్చాను. మా బ్యాచ్‌లో అందరికీ తనే దిక్కు సార్."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎర్రపెన్ను కూడా తలూపి, చిట్టి వైపు చూసి మెచ్చుకోలుగా నవ్వాడు.  చిట్టి నవ్వబోయింది, పెదాలు సాగలేదు. ఆపమని అరవాలనుంది. వదిన అప్పటికే మోకాళ్ళ గురించి మొదలుపెట్టేసింది. ఒక్కో స్లైడూ పోతుంటే చిట్టి, చూడకూడదు దేవుడా, ఆ 58 చూడకూడదు అని మొక్కుకుంది. వారమంతా ఏ క్షణం కోసం ఎదురుచూసిందో ఆ క్షణం రాకూడదని ఇప్పుడు ఆమెకన్నా గట్టిగా కోరుకున్నవాళ్ళు లేరు.

"ఒక్క నిమిషం," అన్నాడు ఎర్రపెన్ను, కాగితం మీంచి తల ఎత్తకుండానే. "మీ స్టడీలో ఎంతమందమ్మా?"

"ముప్ఫైమంది సార్."

"మరి ఈ యాభై ఎనిమిదేంటి?"

వదిన స్క్రీన్ వైపు చూసింది, కాగితం వైపు చూసింది. "మోకాళ్ళు అరవై కదా సార్. ఒక్కొక్కరికి రెండు..."

"నువ్వు వైద్యం చేసింది మోకాళ్ళకా, మనుషులకా? ఒక మనిషి కుడి మోకాలూ ఎడమ మోకాలూ ఇద్దరు వేరువేరు మనుషులా?"

 వదిన ముఖంలో ముందు తికమక, తర్వాత మెల్లగా అర్థమవడం కనపడింది. "అయ్యో," అంది, మైకులో అందరికీ వినపడేట్టు. "అవును సార్. మనిషికి ఒకటే లెక్క ఉండాలి. నాకు తట్టనే లేదు."

"నీకు తట్టకపోవచ్చు. నువ్వే చెప్పావుగా, రాదని." ఆయన కళ్ళజోడు తీసి వెనక వరస వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వు చూశావంట కదా. ఇందాక విశ్వాస అవధి గురించి అంత చక్కగా చెప్పిన మనిషివి. ఇది నీ కంట పడలేదా?"

జవాబులు రెండే ఉన్నాయి. పడలేదంటే సరిపోయేది. అందరూ పొరపాటు అనుకునేవాళ్ళు, మర్నాటికి మర్చిపోయేవాళ్ళు. కానీ చిన్నప్పటి నుంచి ఒక్క లెక్క తప్పని పిల్ల అది. వదినకి తట్టనిది తనకీ తట్టలేదని పదిమందిలో ఒప్పుకోవడానికి ఆమె ప్రాణం ఒప్పలేదు. చెడ్డదన్నా ఓర్చుకుంటుంది కానీ, రాదు అంటే ఓర్చుకోలేదు.

"పడింది సార్," అంది చిట్టి లేచి నిలబడి. "చూడగానే కనపడింది."

ఆ మాట అన్నాక గానీ తను ఏమన్నదో ఆమెకే వినపడలేదు. గైడ్ మేడమ్ పెన్ను మూత పెట్టేసింది. ఎర్రపెన్ను "మరి చెప్పలేదేం?" అని అడగనైనా అడగలేదు. కళ్ళజోడు పెట్టుకుని వదిన వైపు తిరిగాడు.

"నేను రేపు మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటానమ్మా. మనిషికో వరస వేసుకుని మళ్ళీ చేసి పట్టుకురా. పని బాగా చేశావు, కొలతలన్నీ ఓపిగ్గా తీశావు. అంకె ఎంతొస్తే అంత, భయపడకు."

"తెస్తాను సార్," అంది వదిన. చిట్టి వైపు తల తిప్పలేదు.

వైవాలు ముగిశాక గైడ్ మేడమ్ చిట్టిని గదిలోకి పిలిచింది. కిటికీ పక్కన కొత్త కుర్చీకి ఇంకా ప్లాస్టిక్ కవరు తీయలేదు. మేడమ్ తిడుతుందనుకుంది చిట్టి. తిట్టినా బాగుండేది.

"లెక్కలు నీకు వచ్చినంత ఈ బ్యాచ్‌లో ఎవరికీ రావు. అందులో అనుమానమే లేదు," అంది మేడమ్. "ఒక్కటి చెప్పు. రేపు నేను ఏదో తప్పు చేస్తాను. నీకు తెలుస్తుంది. నా మీద నీకేదో కోపం ఉంటుంది. అప్పుడు నాకు చెప్తావా?"

చెప్తానని నోటిదాకా వచ్చింది. ఆ మాట నమ్మడానికి మేడమ్‌కి ఏ ఆధారం ఉందో చిట్టికే దొరకలేదు. 

"మీ వదిన రేపు సరిచేసి తెస్తే ఆ అమ్మాయిని తీసుకుంటాను. లెక్కలు నేర్పుకుంటాలే," అంది మేడమ్, బల్ల మీద కాగితాలు సర్దుకుంటూ.

బస్సులో వదిన ముందు సీట్లో ఎవరో ముసలావిడ పక్కన కూర్చుంది. చిట్టి వెనక నిలబడింది. వీధి మలుపు దగ్గర దిగాక నాలుగడుగులు వేసి వదిన ఆగింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"రాదని చెప్పే కదా నీ దగ్గరికొచ్చాను," అంది. "నేనేదో వచ్చినట్టు ఫోజు కొడితే, నువ్వు ఇలా చేస్తే ఒక అర్థముంది. రాదని చెప్పి, నీ పక్కన కూర్చుని అడిగాను. ఎలా అనాలనిపించింది చిట్టీ, బాగానే ఉందని?"

చిట్టికి చెప్పాలనే ఉంది. అమ్మ భుజం గురించి, గోడ మీద పాకిన వేళ్ళ గురించి, కిచకిచ నవ్వుల గురించి. వీధిలో నిలబడి అవన్నీ పైకి అంటే ఎంత చిన్నవిగా వినపడతాయో తలుచుకుంటేనే సిగ్గేసింది.

"నీకన్నీ వస్తాయి వదినా," అంది చివరికి. "అదొక్కటీ నాది."

వదిన ఆమెని వింతగా చూసి ముందుకి నడిచింది.

ఇంట్లో అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమయింది? ఎవరిది బాగా అయింది?" అంది ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ.

"చిట్టిని చాలా మెచ్చుకున్నారు అత్తయ్యా. నాదాంట్లో తప్పుంది, రేపటికి సరిచెయ్యమన్నారు," అంది వదిన చెప్పులు విడుస్తూ. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు.

"అయ్యో తల్లీ!" అంటూ అమ్మ వదిన వెంట హాల్లోకి వెళ్ళిపోయింది. "అంత కష్టపడితే ఇప్పుడు తప్పంటారా? ముందు కాసిని నీళ్ళు తాగు. రాని పనికి బెంగపెట్టుకుంటారా ఎక్కడైనా, మన చిట్టి లేదూ, నిమిషంలో సరిచేస్తుంది."

చిట్టి బ్యాగు భుజాన పెట్టుకునే తన గదిలోకి పోయి కూర్చుంది. వదిన వస్తుందనుకుంది. తిట్టినా, ఏడ్చినా, చివరికి లాప్‌టాప్ పట్టుకుని రావాల్సిందే కదా. ఈ ఇంట్లో ఇంకెవరికి వచ్చు? ఈసారి దగ్గర కూర్చుని, ఒక్కో వరసా తనే చేసి పెట్టాలనుకుంది. కుర్చీ ఎలాగూ పోయింది. కనీసం ఆ పని తన చేత్తో జరిగితే ఏదో కొంచెం మిగులుతుందనిపించింది. తలుపు కూడా కొద్దిగా తెరిచి ఉంచింది.

వదిన రాలేదు. హాల్లోంచి ఫోన్‌లో మాటలు వినపడ్డాయి. అవతల ఉన్నది తాబేలు అని చిట్టి రెండో మాటకే గుర్తుపట్టింది. క్లాసులో అన్నీ అందరికన్నా ఆఖర్న ఇచ్చే మహానుభావుడు. స్టాటిస్టిక్స్ పరీక్ష మూడుసార్లు రాసి, మూడోసారి చిట్టి నోట్సు బట్టీపట్టి గట్టెక్కాడు. సగటు ఎంతంటే మధ్యలో ఉన్న పేషెంటు పేరు చెప్పేవాడు. అలాంటివాణ్ణి వదిన, "నువ్వే ఎలాగైనా చెప్పాలి, ప్లీజ్" అని అడుగుతోంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, వాడు చెప్పేది రాసుకుంటోంది.

"సింపుల్. మనిషికి ఒక మోకాలే ఉంచు," అంటున్నాడు తాబేలు. "రెండింట్లో ఏది బాగా తగ్గిందో అది ఉంచుకుని రెండోది తీసెయ్. ఫలితం కూడా బాగా వస్తుంది."

చిట్టి ఒక్క ఉదుటున లేచింది. బాగా తగ్గిన మోకాలు ఏరుకోవడమా! ఎర్రపెన్ను చూశాడంటే కాగితాలు మొహాన కొడతాడు. ఇంతకన్నా ఆ అరవయ్యే నయం. హాలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అమ్మ వదిన పక్కనే సోఫా చివర కూర్చుని, ఏమీ అర్థం కాకపోయినా తలూపుతోంది.

"అది తప్పు వదినా!" అంది చిట్టి.  "అలా ఏరుకోకూడదు. రెండు మోకాళ్ళకీ సగటు తీసుకో. మనిషికి ఒక సగటు. ముప్ఫై వరసలు వస్తాయి. తర్వాత అదే టెస్ట్ చెయ్. ఒట్టు వదినా, ఇది నిజం."

వదిన పెన్ను ఆపింది. చిట్టి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. బస్సు దిగినప్పటి ఎరుపు కూడా తగ్గిపోయింది. కొత్త మందు చీటీ ఇచ్చిన ముక్కూమొహం తెలియని డాక్టర్ని చూసినట్టు చూసింది. తర్వాత ఫోన్‌కి దగ్గరగా వంగింది.

"ఒక్క నిమిషం ఉండు," అంది తాబేలుతో. "ఇక్కడ చిట్టి, రెండు మోకాళ్ళకీ సగటు తీసుకోమంటోంది. అది కరెక్టేనా? నువ్వు ఎవరినైనా అడిగి చెప్తావా?"

"కనుక్కుని చెప్తా," అన్నాడు తాబేలు గొప్పగా.

చిట్టి గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడింది. వదిన మీదా, అమ్మ మీదా, ప్లాస్టిక్ కవరు తీయని ఆ కుర్చీ మీదా ఉన్న అసూయంతా ఎటుపోయిందో తెలియలేదు. ఆ సాయంత్రం లోకంలో ఆమెకి కళ్ళు కుట్టింది ఒక్క తాబేలుని చూసే.